కుక్కకే ఛాయిస్ ఇస్తే మా బూందీ ఎవరి దగ్గరుంటానంటుంది?

ఖమ్మం_అమ్మాయి:

అందరికీ నమస్తే. ప్రశ్న కాస్త పిచ్చిగా ఉంటుంది, నవ్వుకున్నా పర్లేదు, కానీ జవాబు మాత్రం నిజంగా కావాలి.

మా బూందీ జాతి కుక్కేం కాదు, వీధి కుక్కే. ఐదేళ్ల కింద కూకట్‌పల్లిలో మా హాస్టల్ వెనక డ్రైనేజీ పక్కన దొరికింది, అప్పటికి సరిగ్గా కళ్లు కూడా తెరవలేదు. డ్రాపర్‌తో పాలు పట్టి పెంచాను. హాస్టల్లో ఒప్పుకోకపోతే దాని కోసమే రూమ్ తీసుకున్నాను. మూడేళ్లు నా మంచం మీదే పడుకుంది. తర్వాత ఎమ్మెస్‌కి డాలస్ వెళ్తూ ఖమ్మంలో అమ్మావాళ్ల దగ్గర వదిలేశాను. మా అమ్మకి కుక్కలంటే పడదు, గుమ్మం దాటి లోపలికొస్తే ఊరుకోనని ముందే చెప్పింది.

రెండేళ్ల తర్వాత పోయిన వారం వచ్చాను. ఆటో దిగానో లేదో మీద పడి ఏడుపూ గెంతులూ, సంతోషం పట్టలేక నా చెప్పుల మీదే పోసేసింది. ఓ పావుగంట అంతా అదే గోల. ఆ తర్వాత గిన్నెలో నీళ్లు తాగి, నేరుగా వెళ్లి అమ్మ కాళ్ల దగ్గర పడుకుంది. అదీ వంటింట్లో! రాత్రి నా గదిలోకి పిలిస్తే వచ్చింది, కాసేపుండి తలుపు గీకడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నాకు ఉద్యోగం వచ్చింది, అపార్ట్‌మెంట్‌లో కుక్కని పెట్టుకోవచ్చు, తీసుకెళ్దామనుకుంటున్నాను. అమ్మ వద్దనదు, సరే అనదు. దానికే నోరుంటే ఎవరి పేరు చెప్తుంది?

ఒట్టిమాట:

చెల్లీ, ఇందులో ఆలోచించడానికేముంది. ఎవరు అన్నం పెడితే వాళ్లదే కుక్క. రెండేళ్లుగా పెరుగన్నం కలిపి పెడుతున్నది అమ్మ. మీరు వీడియో కాల్‌లో ముద్దులు పెడుతున్నారు, అవి తినడానికి రావు కదా. జపాన్‌లో హచికో అనే కుక్క గురించి అందరూ కన్నీళ్లు పెట్టుకుంటారు, దాని ఓనర్ ప్రొఫెసర్ 1925లో పోతే 1935లో తను పోయేదాకా ఆయన కోసం షిబుయా రైల్వే స్టేషన్‌కి వస్తూనే ఉందని. అక్కడ యాకిటోరి అని పుల్లలకి గుచ్చి కాల్చిన చికెన్ అమ్ముతారు, జనం దానికీ వేసేవాళ్లు. చచ్చిపోయాక పొట్టలో ఆ పుల్లలు దొరికాయి. ప్రేమ ఉంటే ఉండొచ్చు, చికెన్ కూడా ఉంది.

వెట్_థర్డ్‌ఇయర్:

ఒట్టిమాట గారూ, పుల్లలు దొరికిన మాట నిజమే. కానీ హచికో గురించి 1932లో పేపర్లో వచ్చాకే జనం ముద్దు చేయడం ఎక్కువైంది. అంతకుముందు ఏళ్లలో స్టేషన్ దగ్గర దాన్ని తరిమేవాళ్లు, ఏడిపించేవాళ్లు. మరి ఆ రోజుల్లో ఏ చికెన్ కోసం వచ్చినట్టు?

అమెరికాలో ఎమరీ యూనివర్సిటీ ప్రొఫెసర్ గ్రెగరీ బర్న్స్ కుక్కలకి మత్తు ఇవ్వకుండా, ఎమ్మారై మిషన్లో కదలకుండా పడుకోవడం నేర్పించాడు. ఒక బొమ్మ చూపిస్తే సాసేజ్ ముక్క వస్తుంది, ఇంకోటి చూపిస్తే ఓనర్ కనబడి మెచ్చుకుంటారు. దేనికి మెదడు ఎక్కువ స్పందిస్తుందో చూశారు. 15 కుక్కల్లో తిండికే గట్టిగా ఓటేసినవి రెండే. తొమ్మిదింటికి రెండూ సమానం, నాలుగింటికి ఓనర్ మెచ్చుకోలే ఎక్కువ. 2016లో అచ్చయింది.

ఇక మీ ప్రశ్నకి దగ్గరగా వచ్చేది వేరే ఉంది. ఫ్యూర్‌బాకర్, విన్ అనే ఇద్దరు 2017లో చేశారు. కుక్కని వదిలేసి ఓ పక్క ఓనర్, ఇంకో పక్క ముక్కూ మొహం తెలియని మనిషి కూర్చుంటారు, ఎవరి దగ్గరికెళ్తే వాళ్లు నిమురుతారు. కొత్త చోట అయితే ఎక్కువసేపు ఓనర్‌నే అంటిపెట్టుకుని ఉన్నాయి. సొంత ఇంట్లో అయితే కొత్త మనిషి దగ్గరే ఎక్కువసేపు గడిపాయి! ఇల్లు తనదే, భయం లేదు, ఓనర్ ఎలాగూ ఉంటారు, కొత్తవాళ్ల సంగతేంటో చూద్దామని కాబోలు. అంటే ఎవరు కావాలని అడగడం కాదు, ఎక్కడ నిలబెట్టి అడుగుతున్నాం అన్నది ముఖ్యం. కాబట్టి అక్కా, రాత్రి తలుపు గీకిందని ఎలక్షన్ రిజల్ట్ వచ్చినట్టు బాధపడకండి. రెండేళ్లలో దాని పడకచోటు మారింది, అంతే అయ్యుండొచ్చు.

విజయనగరం_బాబాయ్:

ఓనరున్న కుక్కని అడిగితే ఏం తెలుస్తుందమ్మా, దానికి ఛాయిస్ ఎక్కడుంది, గేటేసి ఉంటే. వీధి కుక్కని చూడాలి.

మా వీధిలో ఒక ఎర్ర కుక్క ఉంది. ఒక చెవి కొన కత్తిరించి ఉంటుంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్లీ తెచ్చి మా వీధిలోనే వదిలారన్నమాట. పొద్దున మా ఇంట్లో ఇడ్లీ, మధ్యాహ్నం ఎదురింట్లో అన్నం, ఆదివారం మటన్ కొట్టు దగ్గర ఎముకలు. దాని టైంటేబుల్ నాకంటే పక్కాగా ఉంటుంది. పడుకునేది మాత్రం ఇస్త్రీ బండి కింద. ఆయన దానికి బిస్కెట్ ముక్క వేయగా నేనెప్పుడూ చూళ్లేదు, "ఒసే, జరుగు" అంటాడు, అది జరుగుతుంది, మళ్లీ అక్కడే పడుకుంటుంది. బొగ్గుల వెచ్చదనానికేమో అనుకున్నా, మే నెల ఎండల్లో కూడా అదే చోటు. ఆయన పెళ్లికని ఊరెళ్లి నాలుగు రోజులు రాకపోతే ఖాళీ బండి కిందే పడుంది, నా ఇడ్లీ తిని మర్యాదకి తోకాడించి వెళ్లిపోయింది. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది, దాచడమెందుకు.

కోల్‌కతాలో ఐసర్ అనే సైన్స్ పరిశోధన సంస్థ వాళ్లు కూడా వీధి కుక్కల మీద ఇలాంటిదే చేశారు. కొన్నిటికి తిండి పెడుతూ వచ్చారు, కొన్నిటి తల నిమురుతూ వచ్చారు. కొన్నాళ్లకి నిమిరినవాళ్లనే ఎక్కువ నమ్మాయట. మరి మా ఇస్త్రీ ఆయన నిమరనూ నిమరడు, అదే నాకర్థం కాదు.

ఒట్టిమాట:

బాబాయ్, ఆయన రోజంతా ఒకే చోట ఉంటాడు కదా, అదేనేమో. మేమంతా పెట్టేసి లోపలికెళ్లి తలుపేసుకుంటాం.

ఆస్టిన్_నుంచి:

అక్కా, నేను మా ఇండీని, అంటే మన వీధి కుక్కనే, పోయినేడు ఇక్కడికి తెచ్చుకున్నాను కాబట్టి చెప్తున్నా. ముందు కాగితాల సంగతి. రేబిస్ ఎక్కువున్న దేశాలని అమెరికా వాళ్లు పెట్టుకున్న లిస్టులో ఇండియా ఉంది, 2024 ఆగస్టు 1 నుంచి రూల్స్ గట్టిగా పెట్టారు. మైక్రోచిప్ ఉండాలి, ఆ తర్వాతే వేసిన రేబిస్ టీకా ఉండాలి. వాళ్లు ఒప్పుకున్న ల్యాబ్‌లో రక్త పరీక్ష చేయించాలి, లేదంటే ఇక్కడ దిగాక 28 రోజులు క్వారంటైన్. ఏ ఎయిర్‌పోర్ట్‌లో పడితే ఆ ఎయిర్‌పోర్ట్‌లో దించడానికి కూడా లేదు. నెలల పని, ఇప్పుడు మొదలుపెట్టి సెలవు అయిపోయేలోపు తీసుకెళ్లడం మాత్రం కుదరదు.

అది సరే, తర్వాత సంగతి ఎవరూ చెప్పరు. మా ఊళ్లో దానికి పొద్దున పాలాయన మీద అరవాలి, పది గంటలకి పిల్లిని తరమాలి, సాయంత్రం నాన్నతో చెరువు గట్టుకెళ్లాలి. ఇక్కడ నేను ఆఫీస్‌కెళ్తే తొమ్మిది గంటలు సోఫా మీద ఒక్కటే. మొదటి రెండు నెలలు ముందు కాళ్లు నాకి నాకి వెంట్రుకలు ఊడగొట్టుకుంది, డాక్టర్ టెన్షన్ వల్లే అన్నారు. ఇప్పుడు నయం, డేకేర్‌లో వేస్తున్నా, నా జీతం తెలిసినవాళ్లు నవ్వుతారు. దాన్ని అడిగుంటే నన్నే కోరుకునేదేమో, ఈ అపార్ట్‌మెంట్‌ని మాత్రం కోరుకునేది కాదు.

ఖమ్మం_అమ్మాయి:

అందరికీ థాంక్స్. వెట్ తమ్ముడు చెప్పాడు కదా అని బూందీ ఎప్పుడూ చూడని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను, ఎలాగూ టీకా బాకీ ఉంది. అమ్మని కూడా బలవంతంగా ఆటో ఎక్కించాను. అక్కడ నాలుగు పెద్ద కుక్కలు మొరుగుతున్నాయి. బూందీ మా ఇద్దరి చుట్టూ రెండు సార్లు తిరిగి అమ్మ కుచ్చిళ్ల వెనక దూరింది. సూది వేసేటప్పుడు మాత్రం తల నా చేతుల్లోనే పెట్టింది, అంటే అప్పటికి అమ్మ కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగింది లెండి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఈ చర్చంతా అమ్మకి చదివి వినిపించాను. ఇస్త్రీ ఆయన దగ్గర నవ్వింది. చివరికి ఏమందంటే, "నువ్వు పోయేటప్పుడు దాన్నడిగినవా? నన్నడిగినవా? ఇప్పుడొచ్చి అడుగుతవేందే." బూందీ మా ఇద్దరి మధ్య కూర్చుని బయటికి చూస్తోంది. నేనేం మాట్లాడలేదు.

ప్రస్తుతానికి మైక్రోచిప్పూ రక్త పరీక్షా ఏం చేయించట్లేదు. ఇంకో చిన్న ప్రశ్న, వీడియో కాల్‌లో నా గొంతు వినిపిస్తే అది ఫోన్ వెనక్కెళ్లి వెతుకుతుందట. మాట్లాడటం మానేయాలా?

వెట్_థర్డ్‌ఇయర్:

వెతికి వెతికి ఏడుస్తుంటే మానేయండక్కా. ఓసారి చూసి మళ్లీ వెళ్లి పడుకుంటే పర్లేదు. అమ్మని అడగండి, రోజూ చూసేది ఆవిడే కదా.