సరిహద్దు జిల్లాల్లో తెలుగు బడులను నిధులిచ్చి నిలపాలా, ఒడియా బడుల్లో కలపాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఒడిశాలోని మన గజపతి, రాయగడ జిల్లాల్లో పిల్లలు తగ్గిన తెలుగు మాధ్యమ బడులను ఒడియా బడుల్లో కలిపితే ఖర్చు కలిసివస్తుందని మనవాళ్లే వాదించడం నాకు బాధగా ఉంది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. 1936 ఏప్రిల్ 1న మన ఊరు ఒడిశాలో చేరినంత మాత్రాన ఇళ్లలో మాట మారలేదు.

నాగావళి గట్టు (రాయగడ):
మాస్టారూ, అధికరణం జీతాలివ్వదు. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో కేంద్రం 60 రూపాయలిస్తే రాష్ట్రం 40 వేసుకోవాలి. ఆదాయపు పన్ను మీద మనం కట్టే 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు కేంద్రం రాష్ట్రాలకు పంచే పన్నుల వాటాలోకి రాదు. పదిమంది పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులను పెట్టే బదులు, ఆ జీతంతో పెద్ద బడికి ఒక లెక్కల మాస్టారును ఇవ్వవచ్చు.

మహేంద్రతనయ:
ఆ ఇద్దరూ తెలుగుకు చేసిన ఉపకారం కాదండీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ఏ ప్రాథమిక బడికైనా ఇద్దరు ఉండవలసిందే.

నాగావళి గట్టు:
చట్టం ఉన్న బడికి వర్తిస్తుంది. ఆ బడి విడిగా ఉండాలా అన్నదే నా ప్రశ్న.

వంశధార (గుణుపురం):
తెలుగు, ఒడియాల మధ్య సవర గిరిజనుల పిల్లవాణ్ణి మరిచారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సొంత డబ్బుతో సవరలకు వారి భాషలోనే బడులు నడిపారు.

మహేంద్రతనయ:
నేను చెప్పేదీ అదే. మొదటి అక్షరం ఇంటి భాషలో పడాలి.

నాగావళి గట్టు:
అయితే మీ అబ్బాయిని పాతపట్నంలో ఇంగ్లీషు మాధ్యమంలో ఎందుకు చేర్పించారు? నిరుడు ఇక్కడే రాశారు. మీ బిడ్డకు పనికిరాని బడి పేదవాడి బిడ్డకు కావాలా?

మహేంద్రతనయ:
మా బడిలో తెలుగు ఉపాధ్యాయుడి ఖాళీని రెండేళ్లు నింపలేదు. పుస్తకాలు దసరా దాటాక వచ్చాయి. వాడిని పంపిన రోజు నేను అన్నం తినలేదు. బడిని ఎండబెట్టి, పిల్లలు లేరని మూసేయడం ఏం న్యాయం?

నాగావళి గట్టు:
నా మాట కూడా వినండి. మా అమ్మాయి పదో తరగతి వరకు తెలుగులోనే చదివింది. రాష్ట్ర ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేసరికి ఒడియా చదవడం, రాయడం రావాలన్న నిబంధన అడ్డొచ్చింది. పుట్టిన రాష్ట్రంలోనే పరాయిదైపోయిందని ఇంటికొచ్చి ఏడ్చింది. డబ్బు లెక్కలు చెప్పాను గానీ, నా భయమంతా అదే. మీరు చూపే అధికరణం ప్రాథమిక దశ గురించే మాట్లాడుతుంది, పదో తరగతి దాకా కాదు.

మహేంద్రతనయ:
ఈ సంగతి ముందే చెప్పవలసింది, అన్నగారూ. తెలుగు బడిలోనే ఒకటో తరగతి నుంచి ఒడియా మాస్టారును అడుగుదాం. కలపడానికి మాత్రం నేను ఒప్పుకోను.

నాగావళి గట్టు:
ఆ అర్జీ మీద సంతకం పెడతాను. ఆరో తరగతి నుంచి ఒడియా మాధ్యమమే ఉండాలని కూడా రాయండి.

మహేంద్రతనయ:
ఆ వాక్యం నేను రాయలేను.