‘అభిమాని’ అంటే ఒడియాలో అలిగినవాడట, మరి మనకి?

ప్రశ్న, రాయగడ నుంచి:
మా మేనల్లుడు వాట్సాప్ స్టేటస్‌లో ‘నేను మైకేల్ జాక్సన్ అభిమానిని’ అని పెట్టుకున్నాడు. దాన్ని తన ఒడియా స్నేహితుడికి చదివి వినిపిస్తే, ‘ఎందుకు అలిగావు, ఆయన నిన్నేమన్నాడు?’ అని అడిగాడట. ఒడియాలో అభిమాని అంటే మనసు నొచ్చుకుని అలిగినవాడు కదా. ఫ్యాన్‌కి మనం ఈ మాట ఎలా పెట్టుకున్నాం? ఇంతకంటే మంచి మాట ఏదైనా ఉందా?

జవాబు, పర్లాకిమిడి నుంచి:
ఈ మాట మార్చకండి. నేను బడికి వెళ్ళే రోజుల నుంచీ మైకేల్ జాక్సన్ అభిమానిని. మీరు చెప్పిన రెండు అర్థాలూ నాకు అనుభవంలోకి వచ్చినవే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

‘అభి’ ఉపసర్గ, ‘మన్’ ధాతువు. మన్ అంటే తలచడం. సాంఖ్య దర్శనానికి మూలగ్రంథమైన సాంఖ్యకారికల్లో 24వది ‘అభిమానోఽహంకారః’ అని మొదలవుతుంది. ‘ఇది నేను, ఇది నాది’ అనుకునే గుణానికి అక్కడ అభిమానమని పేరు. తెలుగులో ఈ ‘నాది’ రెండు పాయలైంది. తన మీద తనకుండేది ఒకటి: ‘అభిమానం చంపుకుని అప్పడిగాడు’ అంటాం, సుయోధనుణ్ణి అభిమానధనుడంటాం. ఎదుటి మనిషి మీద ఉండేది రెండోది: ‘మా అత్తకి నేనంటే అభిమానం’ అన్నామంటే, ఆవిడ నన్ను తన మనిషిగా లెక్కేసుకుందని. సినిమావాళ్ళకీ పాటగాళ్ళకీ ఉండే అభిమానులు ఈ రెండో పాయలోంచి వచ్చారు. ఒడియావాళ్ళు ఆ ‘నాది’కి దెబ్బ తగిలితే పుట్టే నొప్పిని పట్టుకున్నారు. మనవాళ్ళే నొప్పిస్తే మాట్లాడకుండా మొహం తిప్పుకుంటామే, అదీ వాళ్ళ అభిమానం. పరాయివాడి మీద కోపమొస్తుంది గానీ అభిమానం రాదు. బెంగాలీలోనూ ఇదే అర్థం.

ఇక నా సంగతి. మైకేల్ ‘బ్యాడ్’ కేసెట్టు మా బావ విశాఖపట్నంలో కొని, నౌపడాలో దిగి, గుణుపురం చిన్నబండెక్కి తెచ్చాడు. అందులో ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైంది ఊపిరి. పదానికీ పదానికీ మధ్య ఆయన లోపలికి పీల్చే ఊపిరి, గొంతులో ఎక్కిలిలా తెగే చిన్న చప్పుడు, అన్నీ తాళంలోనే పడతాయి. ఆ చప్పుళ్ళు తీసేస్తే పాట కుంటుతుంది. అంతకు ముందు వచ్చిన ‘థ్రిల్లర్’, 1982 నాటిది, తర్వాత దొరికింది. దాంట్లో మొదటి పాట చివర బృందమంతా అందుకునే ముక్క ‘మామా’ అని వినిపిస్తుంది. మా వీధి గుంటలందరం ఆయన వాళ్ళ మామని పిలుస్తున్నాడనే పాడాం. అది కామెరూన్ సంగీతకారుడు మాను దిబాంగో 1972 పాటలోంచి వచ్చిందనీ, దానికి మూలం ‘మకోసా’ అనే ద్వాలా భాష మాటనీ, దిబాంగో కోర్టుకెళితే రాజీ కుదిరిందనీ పెద్దయ్యాక చదివాను. చదివినా నా చెవికి ఇప్పటికీ మామే. బియ్యం ఏరుకుంటూ మా అమ్మ, ‘ఒరే, మీ మావ పాటెట్టరా, పని తెమలాల’ అనేది. ఇండియానాలో పుట్టిన మనిషి పర్లాకిమిడిలో మా మావ అయిపోయాడు. ‘నాది’ అనుకోవడమంటే ఇంతకంటే ఏముంటుంది?

ఆయన తెల్లబడుతుంటే ఊళ్ళో చాలామంది నవ్వారు, డబ్బుతో రంగు కొనుక్కున్నాడని. 1993 ఫిబ్రవరిలో అమెరికా టీవీలో ఓప్రా విన్‌ఫ్రీకిచ్చిన ఇంటర్వ్యూలో, చర్మం రంగు పోయే జబ్బు తనకుందని ఆయనే చెప్పాడు. మన బొల్లి. చనిపోయాక శవపరీక్షలోనూ అదే తేలింది. మా పెద్దమ్మకి చేతుల మీదా పెదవుల దగ్గరా ఆ మచ్చలున్నాయి. పేరంటాలకి పిలిచేవాళ్ళు తగ్గిపోతే ఆవిడ ఎలా కుచించుకుపోయిందో చూసినవాణ్ణి. అందుకని ఎవరైనా ఆయన రంగు గురించి నవ్వితే నాకు రోషం పొడుచుకొచ్చేది. ఆ రోషం తెలుగు అభిమానం.

ఒడియా అభిమానం కూడా ఆ ఏడాదే తెలిసింది. పిల్లల విషయంలో ఆయన మీద ఆరోపణలొచ్చాయి. మరో కేసులో 2005 జూన్ 13న కాలిఫోర్నియాలో జ్యూరీ అన్ని అభియోగాల్లోనూ నిర్దోషి అంది. ఆయన పోయాక మళ్ళీ కొత్త ఆరోపణలు వచ్చాయి. ఆ మొదటి వార్త చదివిన రోజున కేసెట్లన్నీ ట్రంకుపెట్టెలో పడేశాను, చాలా కాలం తియ్యలేదు. ఎవరో పాటగాడైతే ఇంకొకరి పాట పెట్టుకునేవాణ్ణి. ఈయన మీద మాత్రం అలిగాను. ఎదురుగా ఉంటే మాట్లాడనన్నట్టు అలిగాను. అలా అలగడానికి తెలుగులో ఒక్క మాట దొరక్క, పక్కింటి ఒడియా మాటే వాడుకున్నాను. ఆరోపించినవాళ్ళ మాట వినను, మావాణ్ణి అనొద్దు అని కేకలేసేవాళ్ళకి తెలుగులో వేరే మాట ఉంది: దురభిమానం. ఒక్క ఉపసర్గతో మన పెద్దలు ఆ గీత గీసిపెట్టారు.

ఇంకొకటి చెప్పాలి. ఆయన పుట్టింది 1958 ఆగస్టు 29న. మనకి అది తెలుగు భాషా దినోత్సవం, 1863లో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పుట్టిన రోజు. పంతులుగారి పటానికి దండ వేసి వచ్చి, ఇంట్లో మైకేల్ పాట పెట్టడం నాకు అలవాటు. మా ఊళ్ళో పాఠాలు చెప్పి, సవర గిరిజనులతో కూర్చుని వాళ్ళ భాష నేర్చి, దానికి నిఘంటువు కట్టిన మనిషి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే ఊరే వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన్ని భాషాభిమాని అంటాం. ఆ వెళ్ళిపోవడంలో తెలుగు అర్థం ఎంత ఉందో ఒడియా అర్థమూ అంతే ఉంది.

సిరొంచ నుంచి:
మా గడ్చిరోలి వైపు మరాఠీలో ‘అభిమాన్’ అంటే గర్వం, మంచి అర్థంలోనే. పిల్లవాడు పరీక్ష గట్టెక్కితే మాస్టారు ‘మలా తుఝా అభిమాన్ ఆహే’ అంటాడు. ఫ్యాన్‌ని ‘చాహతా’ అంటారు. మా ఇళ్ళలో రెండు అర్థాలూ నడుస్తాయి, ఎవరికీ తడబాటు లేదు.

బరంపురం నుంచి:
ఒడియా స్నేహితులకి చెప్పేటప్పుడు ‘ప్రశంసక’ అంటే సరిపోతుంది. తెలుగులోనూ ‘ఆరాధకుడు’ అనొచ్చేమో?

పర్లాకిమిడి నుంచి:
సిరొంచ వారి మాట బాగుంది, గర్వం కూడా ‘నాది’ అనుకుంటేనే వస్తుంది. ‘ప్రశంసక’ ఒడియాలో చెప్పడానికి పనికొస్తుంది. తెలుగులో ‘ఆరాధకుడు’ మాత్రం నాకు ఒప్పదమ్మా. ఆరాధించేవాడికి అలిగే హక్కు లేదు. మైకేల్ 2009లో లండన్‌లో 50 కచేరీలు ఒప్పుకుని, జులైలో మొదలవ్వాల్సి ఉండగా జూన్ 25న వెళ్ళిపోయాడు. టీవీ ముందు కూర్చుని, ‘ఇలాగా చేస్తావు?’ అని గట్టిగానే అడిగాను. దేవుణ్ణైతే అలా అడగలేను.

రాయగడ వారూ, మేనల్లుడి స్టేటస్ అలాగే ఉంచమనండి. ఆ కుర్రాడు ‘థ్రిల్లర్’ దగ్గరే ఆగిపోయి ఉంటే, 1979లో వచ్చిన ‘ఆఫ్ ద వాల్’ వినమనండి. నిర్మాత క్విన్సీ జోన్స్ ఆయనతో చేయించిన సోలో ఆల్బమ్‌లలో అది మొదటిది, గొంతులో సంతోషం ఇంకా ఏ బరువూ లేకుండా ఉంటుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఊపిరి వినమనండి.