నైజీరియాలో అంత చమురుండగా పెట్రోలు దిగుమతి ఎందుకు? సంస్కరణలతో ఏమైనా మారిందా?

కృష్ణాతీరం: గ్రూప్-1కు చదువుతున్నాను. 1956లోనే ఒలోయిబిరిలో చమురు పడిన దేశం నిన్నమొన్నటి దాకా పెట్రోలు బయటి నుంచి తెచ్చుకుందట. 2021 పెట్రోలియం చట్టంతో ఏం ఒరిగింది? అక్కడ ఉన్నవారెవరైనా చెబుతారా?

లాగోస్ లెక్కలవాడు: ఇకెజాలో ఒక ప్లాస్టిక్ కర్మాగారంలో పద్దులు చూస్తాను. అందుకని లెక్కల వైపు నుంచే చెబుతాను. పోర్ట్ హార్కోర్ట్, వార్రి, కదునా ఊళ్లలోని ప్రభుత్వ రిఫైనరీల (చమురు శుద్ధి కర్మాగారాల) సామర్థ్యం రోజుకు 4,45,000 బ్యారెళ్లు, కాగితం మీద! మరమ్మతులకు ఎంత పోసినా అవి ఏళ్ల తరబడి సరిగా నడవలేదు.

అసలు తిరకాసు పెట్రోలును చవకగా అమ్మడానికి ఇచ్చే సబ్సిడీ పద్దులో ఉంది. ముడి చమురు అమ్మిన సొమ్ము ఖజానాకు చేరకముందే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎన్‌పీసీ అందులోంచి సబ్సిడీ మినహాయించుకునేది. అమ్మేదీ తనే, కొనేదీ తనే, లెక్క రాసేదీ తనే. ఇలాంటి పద్దు చూపిస్తే మా ఆడిటర్ సంతకం పెట్టడు. చట్టం పుణ్యమా అని 2022 జులైలో అది కంపెనీ అయింది. వాటాలన్నీ మళ్లీ సర్కారువే.

2023 మే 29న అధ్యక్షుడిగా టినుబు ప్రమాణ స్వీకారం చేస్తూనే సబ్సిడీ పోయిందన్నారు. లాగోస్‌లో లీటరు 190 నైరాలకు (ఇక్కడి కరెన్సీ) అటూఇటూగా ఉన్నది రెండు రోజుల్లో 480 దాటింది. కరెంటు పోతే మా వీధి దర్జీ మిషను చిన్న పెట్రోలు జనరేటర్ మీదే నడుస్తుంది. ఇప్పుడాయన కుట్టుకూలీ వేరుగా, పెట్రోలు డబ్బు వేరుగా అడుగుతాడు.

గోదావరి గట్టు: అయితే తీసేయడమే తప్పంటారా? మనమూ పెట్రోలు ధరను 2010లో, డీజిలు ధరను 2014లో మార్కెట్‌కు వదిలేశాం కదా.

లాగోస్ లెక్కలవాడు: తీయాల్సిందే. చవక పెట్రోలు సరిహద్దు దాటి పక్క దేశం బెనిన్‌కు పోయేది. నా పేచీ తీసిన తీరుతోనే. మన డీజిలును 2013 జనవరి నుంచి నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకుంటూ పోయి, అంతర్జాతీయ ధర పడ్డాక వదిలారు. ఇక్కడ ఒక్క దెబ్బ. పైగా మరుసటి నెలే నైరా మారకాన్నీ మార్కెట్‌కు వదిలారు. దిగుమతి ఖర్చు మళ్లీ ఎగిరింది.

విశాఖ ఇంజినీరు: ప్రైవేటు డాంగోటే రిఫైనరీ 2024 సెప్టెంబరు నుంచి పెట్రోలు ఇస్తోందిగా? రోజుకు 6,50,000 బ్యారెళ్ల సామర్థ్యమంటే మాటలు కాదు.

లాగోస్ లెక్కలవాడు: నిజమే. అయితే ఇక్కడి చమురు చాలక దానికి అమెరికా నుంచి కూడా తెప్పించారు! ఆ అక్టోబరులో నైరాల్లోనే ముడి చమురు అమ్మే ఏర్పాటు మొదలైంది. కృష్ణాతీరం గారూ, జవాబులో చమురు పండే నైజర్ డెల్టా ప్రజలను మరవకండి. చమురు తీసే ప్రాంతాలకు 10 శాతం కావాలని వారు అడిగితే, చట్టం ఇచ్చింది కంపెనీల నిర్వహణ ఖర్చులో 3 శాతం.