2023 వసంత-వేసవి షోలు: సీజన్ మొత్తానికి మేటి ఘట్టం స్ప్రే గౌనేనా?

పడుగుపేక:
2023 వసంత-వేసవి బట్టల కోసం 2022 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మిలాన్‌లో, పారిస్‌లో జరిగిన ఫ్యాషన్ షోలను ఈమధ్య వరసపెట్టి మళ్లీ చూశాను. ఆ సీజన్ అనగానే అందరి నోటా ఒకటే మాట: పారిస్‌లో కోపెర్ని అనే బ్రాండ్ షోలో మోడల్ బెల్లా హడీద్ ఒంటి మీద స్ప్రే కొట్టి చేసిన తెల్ల గౌను. నా లెక్కలో అది రెండో స్థానంలోకి కూడా రాదు. నా ఓటు మిలాన్‌లో బొట్టెగా వెనెటా బ్రాండ్ షోకి.

అందులో మోడల్ కేట్ మాస్ నడిచొచ్చింది. గళ్ల చొక్కా, లోపల తెల్ల బనియను, జీన్స్. ఇంత పెద్ద షోకి ఇవేం బట్టలు అనుకుంటాం. తీరా చూస్తే ఆ చొక్కా తోలు, జీన్సూ తోలే! డిజైనర్ మాత్యూ బ్లాజీ మెత్తటి తోలు మీద పొరలు పొరలుగా రంగులు అచ్చు వేయించి ఫ్లానెల్ గుడ్డ గళ్లనీ, డెనిమ్ నేతనీ తెప్పించాడు.

తోలు కుట్టి చూసినవాళ్లకి ఇందులో కష్టం తెలుస్తుంది. గుడ్డ మీద కుట్టు తప్పితే విప్పి మళ్లీ వేస్తాం. తోల్లో సూది దిగిన కన్నం పూడదు. గుండుసూది కూడా గుచ్చకూడదు, క్లిప్పులు పెట్టి పట్టుకోవాలి. ఒకసారి చిన్న సంచీ కుడుతూ ఒక వరస పక్కకి పోయింది. విప్పేసరికి చీమలబారులా కన్నాలు మిగిలాయి, ఆ ముక్క ఇక దేనికీ పనికిరాలేదు. అలాంటి తోలుతో కాలరూ కఫ్‌లూ ఉన్న చొక్కా, అదీ ఉతికి ఉతికి మెత్తబడ్డ చొక్కాలా భుజాల మీద వాలేట్టు కుట్టడమంటే మాటలు కాదు. నాకు పనితనమే ఘట్టం.

కత్తెరమాట:
మీ పనితనం మాట ఒప్పుకుంటాను. కానీ స్ప్రే గౌనుని వట్టి తమాషా కింద తీసిపారేయకండి. మానెల్ టోరెస్ అనే ఆయన 2003లో ఫాబ్రికన్ అనే సంస్థ పెట్టి, అప్పటి నుంచీ దీని మీదే పనిచేస్తున్నారు. ద్రవంలో సన్నటి నూలు పోచలు తేలుతుంటాయి. గాలి తగలగానే ద్రవం ఆవిరైపోతుంది, పోచలు ఒకదానికొకటి అంటుకుని గుడ్డవుతాయి. పడుగు లేదు, పేక లేదు, కుట్టు అసలే లేదు. ఆ గుడ్డని మళ్లీ కరిగించి స్ప్రేగా వాడుకోవచ్చు కూడా. ఇన్ని వేల ఏళ్లుగా నేస్తున్నాం, అల్లుతున్నాం. ఒక గుడ్డ పుట్టడాన్ని ర్యాంప్ మీద, జనం ఎదుట ఎప్పుడు చూశాం?

గోటంచు:
చూశాం కదా. 1998లో డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ షోలో మోడల్ షాలోమ్ హార్లో తిరిగే పీట మీద నిలబడితే రెండు రోబోలు ఆమె తెల్ల గౌను మీద నలుపు, పసుపు రంగులు చిమ్మాయి. కోపెర్ని దాన్నే తిరగరాసింది.

కత్తెరమాట:
అది వేరండీ. అక్కడ గౌను ముందే ఉంది, రోబోలు రంగు మాత్రమే వేశాయి. ఇక్కడ గౌనే లేదు.

గోటంచు:
సరే, ఆ తేడా ఒప్పుకుంటున్నాను. నా ఓటు మాత్రం గుచ్చి బ్రాండ్ షోకి. అప్పటి గుచ్చి డిజైనర్ అలెస్సాండ్రో మికేలే ఆ షోని 68 కవలల జంటలతో చేశాడు. హాలుని మధ్యలో గోడ కట్టి రెండు చేశారు. ఒక పక్క కూర్చున్నవాళ్లకి అవతల కూడా అదే షో నడుస్తోందని తెలియదు. చివర్లో గోడ పైకి లేచింది, కవలలు చేతులు పట్టుకుని కలిసి నడిచారు. మికేలే తల్లికి కూడా కవల సోదరి ఉంది, ఇద్దరూ తనని తల్లుల్లా చూసుకున్నారని చెప్పాడు. ఆ గోడ లేచినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మోడళ్లని బురదలో నడిపించిన బాలెన్సియాగా బ్రాండ్ షో గురించి కూడా అడుగుతారేమో. బురదే గుర్తుంది నాకు, బట్టలు ఒక్కటీ గుర్తులేవు.

పడుగుపేక:
గోటంచు గారూ, కవలల షో నాకూ ఇష్టమే. కానీ మీరు చెప్పినదాంట్లో కూడా బట్ట ఊసు రాలేదు, గమనించారా? గోడ, చేతులు, తల్లి. నా బాధంతా అదే. సీజన్ అయిపోయాక మనం చెప్పుకునేవాటిలో బట్ట ఎక్కడుంది?

కత్తెరమాట గారి మాట విన్నాక ఆ వీడియో మళ్లీ పెట్టుకుని చూశాను. స్ప్రే కొట్టినంతసేపూ నాకేమీ అనిపించలేదు. ఆ తర్వాత కోపెర్ని డిజైన్ బృందం నుంచి షార్లట్ రేమండ్ వచ్చింది. భుజాల మీది పట్టీలను కిందికి జార్చి, అంచు సరిచేసి, కాలి దగ్గర కత్తెరతో చీలిక పెట్టింది. అప్పటిదాకా ఒంటికంటుకున్న పూతలా ఉన్నది, కత్తెర పడగానే గౌనయింది. నడుస్తుంటే ఆ చీలిక దగ్గర అంచు కాస్త లేచి ఊగింది కూడా. ఇన్నాళ్లూ ఆ నిమిషం చూడకుండా వీడియో ఆపేస్తున్నానని ఇప్పుడు తెలిసింది.

దాన్ని రెండో స్థానానికి తెస్తున్నాను. మొదటిది మాత్రం తోలు చొక్కాదే.

కత్తెరమాట:
రెండోదా? ఆ కత్తెర పడ్డ చోటు ఇంకోసారి చూడండి. అంచు మడవలేదు, కుట్టలేదు. అయినా ఒక్క పోగు ఊడలేదు. నేసిన గుడ్డని అలా కోసి వదిలేయగలమా?