4294967297 ప్రైమా కాదా? నా ప్రోగ్రామ్ ప్రైమ్ అంటోంది, మావయ్య నవ్వుతున్నారు

బీటెక్_బాధితుడు:
మా మావయ్య లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యారు. నిన్న కాగితం మీద 4294967297 అని రాసిచ్చి ఇది ప్రైమో (1తోనూ తనతోనూ తప్ప దేంతోనూ పోని సంఖ్య) కాదో రేపటికల్లా చెప్పరా అన్నారు. 429 కోట్ల పైమాటే. అంకెలు కూడితే 59, అంటే 3తో పోదు. 7, 11, 13తో కూడా పోవట్లేదు. ఇలా చేత్తో ఎంతసేపని సి లో చిన్న ప్రోగ్రామ్ రాశా, ఎంటర్ కొట్టడం ఆలస్యం ప్రైమ్ అని వచ్చేసింది. ఆయనకి చెప్తే నవ్వి ఊరుకున్నారు. తప్పెక్కడ?

రాత్రి_షిఫ్ట్:
నంబర్ దాచే వేరియబుల్ రకం ఇంట్ (int) అని పెట్టావు కదూ? ఇంట్‌లో పట్టేది 32 బిట్లే తమ్ముడూ. నీ నంబరేమో సరిగ్గా 2 పవర్ 32 కంటే ఒకటెక్కువ, పై బిట్ ఎగిరిపోయి లోపల మిగిలింది 1. ఇంక లూప్ ఒక్కసారి కూడా తిరక్కుండా తిన్నగా ప్రైమ్ అని ప్రింట్ చేసే లైన్లో పడింది. కంపైలర్ వార్నింగ్ ఇచ్చే ఉంటుంది, ఎవడు చదువుతాడులే. అన్నీ లాంగ్ లాంగ్ (64 బిట్లు పట్టే రకం) చేసి నడుపు.

బీటెక్_బాధితుడు:
641తో పోయింది అన్నా!! వార్నింగ్ కూడా ఉంది, చూసుకోలా. కానీ మావయ్య దీనికి కంప్యూటర్ ఎందుకురా అంటున్నారు. వర్గమూలం 65536 దాకా చూడాలంటే ప్రైములే 6542 ఉన్నాయి, చేత్తో ఎలా అవుద్ది?

లెక్కల_పిచ్చి:
మీ మావయ్య మామూలు మనిషి కాదు. 3, 5, 17, 257, 65537 చూడు, 2 పవర్ 1, 2, 4, 8, 16 కి ఒకటి కలిపితే వచ్చేవి, అన్నీ ప్రైములే. 17వ శతాబ్దంలో ఫెర్మా అనే గణితవేత్త ఈ వరసలో తర్వాతవి కూడా ప్రైములేనని నమ్మాడు, ఆ తర్వాతదే నీ నంబరు. 1732లో ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త 641తో పోతుందని చూపించాడు. గుడ్డిగా వెతకలేదు, దీన్ని భాగించే ప్రైమ్ ఏదైనా 64తో భాగిస్తే 1 మిగలాలి అని పట్టుకున్నాడు. అలాంటి ప్రైములు 193, 257, 449, 577, ఆ తర్వాత 641. అయిదో దాంతోనే దొరికిపోయింది!

భాగహారం లేకుండానూ తేలుద్ది. 641 అంటే 5×128+1, అదే 641 అంటే 625+16 కూడా. మొదటి దాన్నిబట్టి 5×2^7 ని 641తో భాగిస్తే శేషం -1 (అంటే 641కి ఒకటి తక్కువ), నాలుగో పవర్‌కి తీసుకెళ్తే 5^4×2^28 కి శేషం 1. రెండో దాన్నిబట్టి 5^4 బదులు -2^4 పెట్టొచ్చు, అంటే -2^32 శేషం 1. ఇంకేముంది, 2^32+1 కి శేషం సున్నా. నాకైతే ఇది ఎప్పుడు చూసినా గారడీలానే ఉంటుంది.

బీటెక్_బాధితుడు:
కాగితం మీద భాగించి చూశా, 4489లో 4487 పోయి 2 మిగిలింది, తర్వాత వరసగా రెండు సున్నాలు, చివరికి 6700417. తీసుకెళ్ళి చూపిస్తే ఇప్పుడు అది ప్రైమా అని అడుగుతున్నారు 😭

లెక్కల_పిచ్చి:
ప్రైమే. దాని వర్గమూలం 2588 చిల్లర, 64 రూలు దీనికీ వర్తిస్తుంది. 641, 769, 1153, 1217, 1409, 1601, 2113 ఈ ఏడింటితో భాగించి చూపించు చాలు. చేత్తోనే చెయ్యి.