సతి, బాల్యవివాహం: అనాచారాలా, దురాచారాలా?

రేపల్లె రమణి:
మా అమ్మాయి సోషల్ నోట్సులో "సతి, బాల్యవివాహం వంటి సాంఘిక అనాచారాలు" అని రాయించారు. మడి కట్టుకోకుండా వంటింట్లో అడుగు పెడితే మా నాయనమ్మ "ఇదేం అనాచారమే!" అని కేకలేసేది. ఆచారం తప్పితే అనాచారం. ఆచారమే చెడ్డదైతే దురాచారం. రెంటినీ ఒకటి చేసేస్తే ఎలాగండీ?

పాలమూరు పంతులు:
తప్పేం లేదమ్మా. మాట ముందు చేరి వ్యతిరేకార్థం ఇచ్చే 'అ', 'అన్'లను సంస్కృత వ్యాకరణంలో 'నఞ్' అంటారు, దానికి ఆరు అర్థాలు చెబుతారు. లేకపోవడం ఒక్కటే కాదు, అప్రాశస్త్యం, అంటే మంచిది కాకపోవడం కూడా అందులో ఉంది. అకాల వర్షమంటే వాన పడకూడని కాలంలో పడేది. అకృత్యమంటే చెయ్యకూడని పని. అదే లెక్కన అనాచారమంటే ఉండకూడని ఆచారం. పత్రికల్లోనూ అలాగే రాస్తున్నారు, చదివేవాళ్లకు తెలుస్తూనే ఉంది.

రేపల్లె రమణి:
వ్యాకరణం ఒప్పుకున్నా చరిత్ర ఒప్పుకోదండీ. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. పనివాళ్లు రాకపోతే రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. పెళ్లికి వెళ్లినవాళ్లకు వెలి, ప్రాయశ్చిత్తాలు. వితంతు వివాహాలను ఒప్పుకునే చట్టం 1856లోనే వచ్చినా, ఊరి పెద్దల దృష్టిలో ఆ పెళ్లే అనాచారం! పసిపిల్లను ముసలాడికి కట్టబెట్టి, వాడు పోగానే ఆ పిల్లకు గుండు చేయించడం మాత్రం నిక్షేపంలాంటి ఆచారం. ఇప్పుడు దాన్ని అనాచారం అంటే, ఎవరో కట్టు తప్పినవాళ్లు చేసిన పనిలా వినిపిస్తోంది. చేసింది నిష్ఠాపరులు, పంచాంగం చూసి, పురోహితుణ్ణి పిలిచి మరీ చేశారు. నా కోపమంతా అక్కడే.

మెతుకుసీమ:
రమణక్క మాటే నిజం. జోగిని పద్ధతిని మా దిక్కు దురాచారమనే అంటరు. దాని మీద 1988ల చట్టమొచ్చింది. దేవుని పేరు మీద, ఊరి పెద్దల ముందటనే ఆడపిల్లను జోగినిని చేస్తుండిరి. అది ఆచారం గాదంటే ఆ పెద్దలను ఇడిచిపెట్టినట్టే.

పాలమూరు పంతులు:
మీ ఇద్దరి బాధా న్యాయమే. అయినా వాడుకలో పాతుకుపోయిన మాటను పీకెయ్యలేం. నిఘంటువులో రెండర్థాలూ ఇస్తే సరిపోతుంది.

రేపల్లె రమణి:
ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మా పిల్ల నోట్సులో మాత్రం దురాచారమనే ఉండాలి. సోమవారం వాళ్ల టీచరుగారిని కలిసి అడుగుతాను.