ఎగిరే గూడబాతుకి ట్రైపాడా, ఉత్త చేతులా?

నెల్లూరు కుర్రాడు:
పోయిన ఆదివారం నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాను. కొత్తగా కొన్న 150-600 మి.మీ. జూమ్ లెన్స్, కెమెరాతో కలిపి రెండున్నర కిలోల పైమాటే. గంటసేపు చేత్తోనే పట్టుకుని ఎగిరే గూడబాతుల్ని (పెలికాన్‌లని) తీశాను. ఇంటికొచ్చి చూస్తే 400 ఫొటోల్లో గట్టిగా పది పనికొచ్చాయి, మిగతా అన్నిట్లో కన్ను మసకే. ఆ సాయంత్రం అక్కడే ట్రైపాడ్ మీద కూడా పెట్టి చూశా. గుండు మీద ఎటైనా తిరిగే బాల్ హెడ్ అది. నాబ్ బిగిస్తే తిరగదు, వదులు చేస్తే లెన్స్ మూతి ధబీమని కిందికి వాలుతుంది. సర్దుకునేలోపు పక్షి గూటికి చేరిపోయింది. గింబల్ హెడ్ (బరువు లెన్స్‌ని ఊయలలా సమతూకంలో పట్టే ట్రైపాడ్ తల) కొనాలా? ఇంట్లో లెన్స్ గొడవే ఇంకా చల్లారలేదు.

కొల్లేటి గట్టు:
గింబల్ తర్వాత. షట్టర్ స్పీడ్ ఎంత పెట్టావు తమ్ముడూ?

నెల్లూరు కుర్రాడు:
సెకనులో 1/640 వంతు అన్నా. గూడబాతు రెక్కలు నిదానంగానే ఆడిస్తుంది కదా అని.

కొల్లేటి గట్టు:
రెక్క నిదానమే, 600 దగ్గర మన చేతి వణుకు నిదానం కాదు. 1/2000 పెట్టి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోకి వదిలెయ్. గ్రెయిన్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తే రానీ, మసకకి మందు లేదు.

గంటసేపు ఎత్తి పట్టుకుంటే పహిల్వాన్‌కైనా వణుకే. ఉత్త కళ్లతో చూస్తూ ఉండు, పక్షి నీ వైపు తిరిగాకే ఎత్తు. ఎడమ అరచెయ్యి లెన్స్ కింద బాగా ముందుకి, మోచేతులు డొక్కలకి ఆనించి. పాదాలు పక్షి వచ్చే వైపు కాదు, వెళ్లే వైపు పెట్టు. నడుము మెలితిప్పి మొదలుపెడితే తిరిగే కొద్దీ మెలి విడిపోతుంది, చివర్లో ఒళ్లు పట్టేయదు. గాలి వీపుకి తగిలేలా నిలబడు, గూడబాతు గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి మొహం నీకే.

ట్రైపాడ్‌ని పారెయ్యమనను. కడప అనే చెట్ల మీద గూళ్లకి అదే కావాలి. పిల్ల తల్లి సంచిలోకి తల దూర్చే క్షణం కోసం ఎంతసేపు కాపు కాయాలో! కొల్లేరు దగ్గర అటపాకలో పడవెక్కితే మాత్రం ఒడ్డునే వదిలెయ్. ఇంజన్ అదురంతా కాళ్ల గుండా లెన్స్‌కి ఎక్కుతుంది.

రిటైర్డ్ మాస్టారు:
మీ భుజాలు బాగున్నాయి కాబట్టి అలా అంటున్నారు. నాకు అరవై దాటాయి, గింబల్ లేకపోతే ఈ సరదా ఎప్పుడో మానేసేవాణ్ణి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన, పులికాట్‌లో ఫ్లెమింగోలు లేచే దాకా ఎదురుచూడాలంటే అదే దిక్కు. నాబ్‌లన్నీ వదులు చేసినా లెన్స్ ఎక్కడ వదిలితే అక్కడే ఆగాలి, అప్పటిదాకా ముందుకీ వెనక్కీ జరపండి. బేస్ లెవెల్ చూసుకోకపోతే తిప్పుతుంటే నీళ్ల గీత ఒరిగిపోతుంది. బస్సు వెళ్లినప్పుడు మాత్రం ఆగాల్సిందే, రోడ్డంతా అదురుతుంది. గాల్లో పల్టీలు కొట్టే పాలపిట్టకి గింబల్ పనికిరాదు, అది ఒప్పుకుంటా.

నెల్లూరు కుర్రాడు:
ఈ ఉదయం మేడ మీద పావురాలతో 1/2000లో ప్రాక్టీస్ చేశా. యాభైలో ఇరవైకి కన్ను స్పష్టంగా వచ్చింది. పక్కింటి ఆంటీ మాత్రం వచ్చి, మా డాబా వైపు ఏం తీస్తున్నావని అడిగి, ఫొటోలన్నీ చూసి గానీ వెళ్లలేదు.